గుమస్తా నాటిన తోట
(ఇవాన్ వ్లదీమిరోవిచ్ మిచూరిన్ జీవిత విశేషాలు)

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు నాకు మొదట స్ఫురించిన పేరు మిచూరిన్. గాంధీజీ గురించి, ప్రకాశం పంతులు గారి గురించి చక్కగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. మిచూరిన్ అంతటి నాయకుడు కాదు. మనలాగే ఒక గుమస్తా. నెల జీతం మీద బతికి, పై అధికారి చేత మాట పడి, మిగిలిన కాస్త వేళను పండ్ల చెట్లకు ధారపోసినవాడు. అందుకే ఆయన మనవాడనిపిస్తాడు.

మా రోజుల్లో విజయవాడ విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో సోవియట్ పుస్తకాలు చాలా చౌకగా దొరికేవి. జీతం అందిన వారంలో ఇబ్రహీంపట్నం నుంచి బస్సెక్కి వెళ్ళి ఒకటో రెండో కొని తెచ్చుకోవడం నాకు అలవాటు. వాటిలో ఒకదానిలో టోపీ, తెల్ల గడ్డంతో, ఆపిల్ కొమ్మ పట్టుకున్న ఒక ముసలాయన బొమ్మ ఉండేది. ఆయన ప్రకృతినే జయించాడని అందులో చదివి నమ్మాను. ఆ కథలో సగమే నిజమనీ, మిగతా సగం చాలా విషాదకరమైనదనీ ఆ తరువాత చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ రెండు భాగాలనూ నాకు తెలిసినంతలో మీ ముందుంచుతున్నాను.

బాల్యము, చదువు

మిచూరిన్ 1855 అక్టోబరులో రష్యా దేశంలోని ర్యాజాన్ ప్రాంతంలో ఒక పల్లెటూరిలో జన్మించాడు. పేరుకు జమీందారీ కుటుంబమే గాని అప్పటికే చితికిపోయింది. తండ్రికి పండ్ల తోటలంటే ప్రాణం. పిల్లవాడికి ఊహ తెలిసేసరికే తల్లి క్షయవ్యాధితో కన్నుమూసింది. తండ్రి వెంట తోటలో తిరగడమే ఆ పిల్లవాడికి ఆటా, చదువూ అయింది. విత్తనం నాటడం, అంటు కట్టడం పదేళ్ళ లోపే చేతికి వచ్చాయి.

ఉన్నత పాఠశాలలో చేరాడు గాని చదువు సాగలేదు. ఒకనాడు గడ్డ కట్టే చలిలో ప్రధానోపాధ్యాయునికి టోపీ తీసి నమస్కరించలేదని పంపివేశారని చెబుతారు. ఇంతలో తండ్రి మానసిక వ్యాధికి గురయ్యాడు. ఉన్న కాస్త ఆస్తి అప్పులకింద పోయింది. పదిహేడేళ్ళ వయసులో, 1872లో, చేతిలో పెద్ద చదువు లేకుండా, వెనుక ఆస్తి లేకుండా, మాస్కోకు ఆగ్నేయంగా సుమారు 400 కిలోమీటర్ల దూరంలోని కొజ్లోవ్ అనే పట్టణం చేరుకున్నాడు.

పన్నెండు రూబుళ్ళ కొలువు

కొజ్లోవ్ రైల్వే స్టేషనులో సరుకుల విభాగంలో గుమస్తాగా చేరాడు. నెలకు 12 రూబుళ్ళ జీతం. రోజుకు 16 గంటల పని. 1874లో ఒక కార్మికుని కుమార్తె అలెగ్జాండ్రాను వివాహం చేసుకున్నాడు. తమ అంతస్తుకు తగని సంబంధమని బంధువులు ఆయనను దూరం పెట్టారు. కొంతకాలానికి కాస్త పై మెట్టు ఎక్కినా, స్టేషను అధికారితో పడక ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఏదో అన్న మాట ఆయన కొంప ముంచింది. పై అధికారిని నొప్పించిన గుమస్తాకు ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ దెబ్బే మేలు చేసింది. ఆయనకు గడియారాల పని వచ్చు. రైల్వే గడియారాలు, సిగ్నలు పరికరాలు బాగుచేసే పని దొరికింది. ఆ పని మీద లైను వెంట స్టేషను స్టేషనుకూ తిరగాలి. ఎక్కడ దిగితే అక్కడి తోటలు చూశాడు. ఏ ఊళ్ళో ఏ రకం ఆపిల్ ఉంది, ఏ చెట్టు చలికి తట్టుకుంది, ఏది చచ్చిపోయింది అన్నీ పుస్తకంలో రాసుకున్నాడు. ఇంటికి వచ్చాక రాత్రిళ్ళు ఊరివాళ్ళ గడియారాలు బాగుచేసి నాలుగు డబ్బులు కూడబెట్టేవాడు.

1875లోనే సుమారు 700 గజాల పాత పెరటి స్థలం నెలకు మూడు రూబుళ్ళకు అద్దెకు తీసుకున్నాడు. 12 రూబుళ్ళ జీతగాడికి మూడు రూబుళ్ళంటే నాలుగో వంతు. ఆ స్థలం కొద్ది ఏళ్ళలోనే మొక్కలతో కిక్కిరిసిపోయింది.

1888లో ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో కొంత భూమి కొన్నాడు. అంతా భూమికే పోగా మొక్కలు తరలించడానికి బండి బాడుగకు కూడా డబ్బు మిగలలేదు. భార్య, ఆమె సోదరి, ఆయన కలిసి మొక్కలన్నిటినీ భుజాల మీద మోసుకుని ఏడు కిలోమీటర్లు నడిచి తీసుకుపోయారు. గుడిసె వేసుకుని అక్కడే కాపురం పెట్టారు. మరుసటి ఏడాది రైల్వే కొలువు వదిలేశాడు.

మొదటి ఓటమి

ఆయన పట్టుదల ఒక్కటే. కొజ్లోవ్ ప్రాంతంలో చలికాలంలో ఒక్కొక్కసారి సున్నాకు 30 డిగ్రీల కిందికి పోతుంది. అక్కడ బతికే ఆపిల్, పియర్ చెట్లకు కాయలు చిన్నవి, పులుపు, వగరు. దక్షిణ దేశాల తియ్యని రకాలు తెచ్చి నాటితే మొదటి చలికే మాడిపోతాయి. తియ్యదనం, తట్టుకునే శక్తి ఒకే చెట్టులో ఉండాలి. ఇదీ ఆయన కోరిక.

అప్పట్లో మాస్కోలో పేరున్న ఒక తోట పండితుడు సులువైన మార్గం చెప్పాడు. చలికి ఓర్చే స్థానిక మొక్క వేరు మీద దక్షిణాది తియ్య రకం కొమ్మను అంటు కడితే, కింది వేరు గట్టిదనం పై కొమ్మకూ వస్తుందన్నది ఆ మాట సారాంశం. మిచూరిన్ నమ్మాడు. ఏళ్ళ తరబడి వందల అంట్లు కట్టాడు. రెండు మూడు చలికాలాలు మెత్తగా గడిచాయి. ఆ తరువాత ఒక గట్టి చలి వచ్చి దాదాపు అన్నిటినీ చంపివేసింది. వేరు బతికింది, కొమ్మ పోయింది.

ఇంకొకరైతే అదృష్టాన్ని తిట్టుకుని ఊరుకునేవారు. ఆయన తన లెక్కల పుస్తకం తిరగేశాడు. ఓర్పు అన్నది పక్కవాడి దగ్గర అరువు తెచ్చుకునేది కాదనీ, విత్తనంలోనే పుట్టుకతో రావాలనీ గ్రహించాడు. అప్పటినుంచి దారి మార్చాడు. దూర ప్రాంతాల అడవి రకాలనూ, తియ్య రకాలనూ సంకరపరచి కొత్త విత్తనాలు పుట్టించాడు. వేలకొద్దీ మొక్కలు మొలిపించి, వాటిలో నూటికి తొంభై తొమ్మిదింటిని పీకి పారేసి, మిగిలిన ఒకటి రెండింటికోసం పదేసి ఏళ్ళు కాచుకున్నాడు.

దూర ప్రాచ్య ప్రాంతపు ఉస్సూరి పియర్ చెట్టుకు చలి లెక్కలేదు, కాయ మాత్రం నోట పెట్టలేం. దాని పువ్వుకు దక్షిణపు తియ్య పియర్ పుప్పొడి అంటించి 1903లో విత్తనం తీశాడు. అందులోంచి వచ్చిందే చలికాలందాకా నిలవ ఉండే ఆయన పేరున్న పియర్ రకం. మరొకసారి ఒక ఆపిల్ చెట్టులో ఒకే ఒక కొమ్మ అసాధారణంగా పెద్ద కాయలు కాయడం గమనించి, ఆ కొమ్మను వేరుచేసి అంటు కట్టి 600 గ్రాముల కాయ రకంగా నిలబెట్టాడు.

1900లో నల్లరేగడి వంటి సారవంతమైన నేలను వదిలి, ఏటి ఒడ్డున నిస్సారమైన నేలకు తోట మొత్తం మార్చాడు. సారం ఎక్కువైన నేలలో పిల్ల మొక్కలు గారాబంగా పెరిగి చలికి ఆగడం లేదని ఆయన అభిప్రాయం. లోకం నవ్వింది. అయినా మార్చాడు.

గుర్తింపు వచ్చిన వయసు

జారు ప్రభుత్వానికి సాయం కోరుతూ ఎన్నో అర్జీలు పెట్టుకున్నాడు. పతకం వచ్చింది గాని అడిగిన సాయం రాలేదు. అమెరికా వ్యవసాయ శాఖ తరఫున మొక్కలకోసం దేశాలు తిరిగిన ఫ్రాంక్ మేయర్ మాత్రం వెతుక్కుంటూ ఆయన తోటకు వచ్చాడు. ఆయన స్వదేశం విడిచి వెళ్ళలేదు.

1915వ సంవత్సరం ఆయన జీవితంలో కాళరాత్రి. ఏటి వరద తోటను ముంచింది. అదే ఏడాది ఎండాకాలంలో కలరా సోకి అలెగ్జాండ్రా చనిపోయింది. భుజం మీద మొక్కలు మోసిన ఇల్లాలు, ఆ మొక్కల కీర్తిని చూడకుండానే వెళ్ళిపోయింది. మన ఇళ్ళలోనూ ఇలాంటి ఇల్లాళ్ళు లేరా?

1918లో కొత్త ప్రభుత్వం తోటను జాతీయం చేసి, ఆయననే దానికి అధికారిగా ఉంచింది. అప్పటికి ఆయనకు 63 ఏళ్ళు. నేను 58 ఏళ్ళకు పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈనాటివారికి 62. మనం పని ముగించే వయసులో ఆయనకు మొదటిసారిగా జీతమిచ్చి తోట పని చేయించుకునే యజమాని దొరికాడు! 1922లో లెనిన్ ప్రభుత్వం ఆయన పని గురించి విచారించి నివేదిక తెప్పించుకుంది. 1931లో లెనిన్ పతకం, 1932లో కొజ్లోవ్ పట్టణానికే మిచూరిన్‌స్క్ అని పేరు, 1935లో విజ్ఞాన అకాడమీలో గౌరవ సభ్యత్వం వచ్చాయి. ఒకప్పుడు ఉద్యోగం ఊడగొట్టిన స్టేషనుకే ఆయన పేరు పెట్టారన్నమాట. 1935 జూన్ 7న కడుపులో క్యాన్సరు వ్యాధితో కాలం చేశాడు. సుమారు 300 కొత్త రకాలు ఆయన పేరున ఉన్నాయి.

ఆయన పేరుతో జరిగిన అపకారం

కథ ఇక్కడ ఆపితే సుఖాంతమే. నేను చదివిన పుస్తకం ఇక్కడే ఆగింది.

మిచూరిన్ పనిని 1920లలో ప్రభుత్వం దృష్టికీ, శాస్త్రజ్ఞుల దృష్టికీ తెచ్చిన వారిలో ముఖ్యుడు నికొలాయ్ వావిలోవ్. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన మహా శాస్త్రవేత్త. చదువులేని ఆ తోటమాలిని గౌరవించిన పండితుడు. మిచూరిన్ బతికి ఉండగానే లైసెంకో అనే వ్యక్తి రంగం మీదికి వచ్చాడు. గోధుమ విత్తనానికి చలి చూపిస్తే త్వరగా పూతకు వస్తుందని చెప్పాడు. అది నిజమే. కాని అలా నేర్పిన గుణం విత్తనంలో నిలిచి తరతరాలకూ వస్తుందన్నాడు. అది నిజం కాదు. జన్యువులన్న మాటే బూటకమన్నాడు. తన వాదానికి మిచూరిన్ పేరు పెట్టుకున్నాడు.

ప్రభుత్వం లైసెంకోను నమ్మింది. వావిలోవ్‌ను 1940 ఆగస్టులో అరెస్టు చేశారు. దేశానికి అన్నం పెట్టాలని విత్తనాలు కూర్చిన ఆ మనిషి 1943 జనవరి 26న సరాతోవ్ జైలులో తిండిలేక కృశించి మరణించాడు. 1948 ఆగస్టులో జరిగిన సభతో జన్యుశాస్త్రాన్నే ఆ దేశంలో నిషేధించినంత పని చేశారు. ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఇదంతా మిచూరిన్ సిద్ధాంతం పేరిట జరిగింది. లైసెంకో ప్రాభవం 1964-65లో గాని అంతం కాలేదు.

ఇందులో మిచూరిన్ తప్పు ఎంత? నిష్పక్షపాతంగా చెప్పాలంటే కొంత ఉంది. పిల్ల మొక్కకు వేరొక చెట్టు కొమ్మను అంటుకట్టి దాని స్వభావమే మార్చవచ్చునని ఆయన నమ్మాడు. అది నిలబడలేదు. మెండెల్ బఠాణీల మీద కనిపెట్టిన సూత్రాలు పండ్ల చెట్లకు పట్టవన్నాడు. చివరి దశలో మాత్రం వాటి విలువను పూర్తిగా తోసిపుచ్చలేదు. అయితే ఆయన ఎవరినీ జైలుకు పంపలేదు. తన లెక్క తప్పితే ఒప్పుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన పేరు వాడుకున్నవారిలో లేనిది ఆ గుణమే.

ఈనాటి శాస్త్రం ఏమంటున్నది?

మా మనవడు వ్యవసాయ కళాశాలలో చదువుతున్నాడు. ఆ మధ్య సెలవులకు వచ్చినప్పుడు మా పెరట్లోని రెండు మామిడి చెట్ల సంగతి అడిగాను. ఒకటి మా ఆవిడ తిన్న రసం పండు టెంక పాతితే మొలిచింది. ఎనిమిదేళ్ళదాకా పూత మొహం చూపలేదు. రెండోది అంటు బంగినపల్లి. మూడో ఏడే పూసింది. నేల ఒకటే, నీళ్ళు ఒకటే, ఎందుకిలా?

వాడు చెప్పినది నాకు అర్థమైనట్లు మన ఆఫీసు భాషలో చెబుతాను. జన్యువులు కుటుంబాలుగా ఉంటాయట. ఇంటిపేరు ఒకటే, ఒక్కొక్క సోదరుడి పని వేరు. పూతకు సంబంధించిన ఒక కుటుంబంలో ఎఫ్.టి. అనే జన్యువు మంజూరు ఉత్తర్వు లాంటిది. కాలం అనుకూలించినప్పుడు ముదురు ఆకులో తయారై, చిగురు దాకా ప్రయాణించి, ఇక పూయవచ్చునని తెలుపుతుంది. ఆకునుంచి అలా వెళ్ళేది ఆ జన్యువు తయారుచేసే మాంసకృత్తేనని 2007లో రుజువైంది. అదే కుటుంబంలో టి.ఎఫ్.ఎల్.1 అనే సోదరుడు అభ్యంతరం రాసే గుమస్తా. లేత చెట్టులో అతని మాటే చెల్లుతుంది. ఫైలు ఏళ్ళ తరబడి కదలదు. 2006లో జపాను శాస్త్రజ్ఞులు ఆపిల్‌లో ఈ అభ్యంతరాన్ని అణచివేస్తే, ఏళ్ళకు గాని పూయని మొక్క ఎనిమిది నెలలకే పూసింది. అంటు మొక్క త్వరగా పూయడానికి కారణం కూడా ఇదే తరహాది. పై కొమ్మ అప్పటికే ముదిరిన చెట్టునుంచి తెచ్చింది గనుక దానికి బాల్యం దాటిపోయింది. మిచూరిన్ పదేసి ఏళ్ళు కాచుకున్నది ఈ అభ్యంతరం తీరడం కోసమేనన్నమాట.

చలికి ఓర్చే గుణానికి వేరే కుటుంబాలున్నాయి. పీచ్ చెట్టులో డి.ఏ.ఎం. అనే ఆరుగురు సోదర జన్యువులు వరుసగా ఉండి, చలికాలంలో మొగ్గను నిద్రపుచ్చుతాయి. వాటిలో కొన్ని లోపించిన పీచ్ చెట్టు చలికాలంలోనూ పెరుగుతూనే ఉండి, చిగుళ్ళు మాడ్చుకుంటుంది. సి.బి.ఎఫ్. అనే మరో కుటుంబం చలి తగలగానే మేల్కొని, కణాలను కాపాడే ఏర్పాట్లన్నిటినీ కదిలిస్తుంది. పీచ్‌లోని ఆ జన్యువును ఆపిల్‌లో ఎక్కువగా పనిచేయిస్తే చలికి ఓర్పు పెరిగింది. కాని చెట్టు పొట్టిదై పూత ఆలస్యమైంది. ఓర్పుకూ కాపుకూ మధ్య ఈ పేచీనే మిచూరిన్ 60 ఏళ్ళు తీర్చడానికి ప్రయత్నించాడు. ఓర్పు విత్తనంలో రావాలని ఆయన గ్రహించింది నిజమే. అలా వచ్చేది జన్యువులలో. ఆయన పేరు చెప్పి లేవన్న జన్యువులే ఆయన పనికి సాక్ష్యం చెబుతున్నాయి.

ఇది రష్యా సంగతి, మనకేమిటి అనుకోవద్దు. మామిడికి మన మైలవరం, నూజివీడు ప్రాంతాలలో పూత రావాలంటే పుష్యమాసపు చల్లని రాత్రులు కావాలి. చలి చాలకపోతే పూత వెనకబడుతుంది, లేదా చిగురు వేసి ఊరుకుంటుంది. రైతు మందు పోసి పూత తెప్పించుకోవలసి వస్తోంది. వేసవి ముదిరే కొద్దీ, చలికాలం తగ్గే కొద్దీ, వేడికి ఓర్చి వేళకు పూసే మామిడి కావాలి. మిచూరిన్‌ది చలి సమస్య, మనది వేడి సమస్య. నూజివీడు మామిడి పరిశోధన కేంద్రంలో పనిచేసే యువకులకు ఆయనకు లేని పరికరాలున్నాయి. చెట్టు వయసు మాత్రం ఎవరికీ తొందరపడదు. ఆయన ఓపిక వాళ్ళకూ కావలసిందే.

ముగింపు

పదవీ విరమణ అయినవారిలో చాలామందికి ఇక మన వల్ల ఏమవుతుందన్న నిరాశ కలుగుతుంది. నాకూ కలిగింది. మిచూరిన్ జీవితం చదివినప్పుడు రెండు విషయాలు నేర్చుకున్నాను. ఒకటి, పెద్ద చదువు లేకపోయినా చూసింది చూసినట్లు రాసుకుంటూ పోతే గుమస్తా కూడా లోకానికి ఏదో మిగల్చగలడు. రెండు, ఎంత గొప్పవాడి పేరునైనా ఇతరుల నోరు మూయించడానికి వాడితే ఆ పేరుకే మచ్చ. మన పెద్దల పేర్లు చెప్పి పిల్లల ప్రశ్నలను మనం ఎన్నిసార్లు ఆపివేశామో ఒక్కసారి ఆలోచించుకోవాలి.

మా పెరట్లోని టెంక మామిడి కిందటేడు బాగా కాసింది. పండు బంగినపల్లి కాదు, రసమూ కాదు. పీచు ఎక్కువ, తీపి ఎక్కువ. అచ్చంగా దానిదే ఒక రుచి. ఎప్పుడు పూసింది, ఎన్ని కాయలు నిలిచాయి అన్నది ఈ ఏడు నుంచి ఒక పాత రిజిస్టరులో రాస్తున్నాను. మా మనవడు ఆ రిజిస్టరు తనకు కావాలన్నాడు. అంతకు మించిన గౌరవ సభ్యత్వం నాకు అక్కరలేదు.